చిటికెన వేలి నలుపు

“తలుపు తియ్యొద్దు. ఎవడొచ్చి అడిగినా సరే, నేను పేట నుంచి వచ్చేదాకా ఆ తలుపు తియ్యొద్దు,” అంటూ కోటేష్ మిరపకాయల కొట్టుకి తాళం వేసి, తాళంచెవి తల్లి చేతిలో పెట్టాడు.

కొట్టు లోపల నర్సు రెబ్కా ఉంది. పాపకి బాగాలేదని తెలిసి, చూసి పోదామని పొద్దున్నే తనంతట తనే వచ్చిన మనిషి. వచ్చిన మనిషిని వాకిట్లోనే చుట్టుముట్టి, చేతిసంచీతో సహా కొట్లోకి తోసేశారు. పైవాళ్ళు జీపేసుకుని వచ్చి ఊరికి సమాధానం చెబితేగానీ వదలరట.

సుబ్బరావమ్మ తాళంచెవి కొంగున ముడేసుకుంది. నిన్నటి నుంచీ ఆవిడ ఏమీ అనడం లేదు. పక్కవీధి తగువులో కూడా పిలవకుండా వెళ్ళి తీర్పు చెప్పే మనిషి ఇలా మూగదానిలా కూర్చుంటే, మనవరాలి మీద బెంగే అనుకున్నారంతా. పాపం పెద్దావిడ కుదేలైపోయిందని జాలిపడ్డారు కూడా.

అరుగు మీద కోడలు శ్రీరమ్య పాపని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. హారికకి ఇంకా ఏడాది నిండలేదు. పెదవులు రెండూ ఉబ్బి బొబ్బలెక్కాయి. నాలుక మీదా, బుగ్గల లోపలా తెల్లగా పొక్కి తోలు లేస్తోంది. రాత్రి నుంచి చుక్క పాలు దిగలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదు పిల్లకి. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో గురగురమంటోంది.

“నోట్లో పోలియో చుక్కలేశారు, నోరే కాలింది. ఇంకేం సాక్ష్యం కావాలి?” అన్నాడు జయరావు, వాకిట్లో ఉన్న అందరికీ వినపడేట్టు. జయరావు ఆ ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు. జ్వరమొచ్చినా, నడుం పట్టినా సూది వేసేది అతనే. “డేటు అయిపోయిన మందు తోలుంటారు. పల్లెటూరి పిల్లలేగా, ఎవడడుగుతాడు.”

“మరి మిగతా పిల్లలకి ఏమీ కాలేదు కదండీ?” అంది శ్రీరమ్య తల ఎత్తకుండా. “ఆదివారం బళ్ళో ఊరంతటికీ వేశారు.”

“ఒక్కొక్కళ్ళకి ఒక్కోలా పని చేస్తుందమ్మా. ఇవాళ మీ పాప, రేపు ఇంకొకళ్ళు.”

ఆ మాట వాకిట్లోంచి వీధిలోకి, వీధిలోంచి ఊళ్ళోకి పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. సోమవారం ఇల్లిల్లూ తిరిగిన పోలియోవాళ్ళు తలుపుల మీద సుద్దముక్కతో రాసిపోయిన గుర్తుల్ని జనం తడిగుడ్డలు పెట్టి తుడిచేస్తున్నారు. ఆ గుర్తు ఇంట్లో ఉంటేనే రోగమన్నట్టు.

“నేనే తీసుకెళ్ళాల్సింది,” అంది శ్రీరమ్య. “కోతకి కూలీలొచ్చారని చేలోకి పోయాను. నేను దగ్గరుంటే ఏ సీసాలోంచి వేశారో చూసేదాన్ని. అత్తయ్యా, మీరు చూశారా? సీసా అందరికీ వేసిందేనా, వేరేదా?”

సుబ్బరావమ్మ కొంగు ముడి బిగించుకుంది.

“మీరే కదా తీసుకెళ్ళింది.”

“ఆ జనంలో ఏం చూశానో ఏమో, అమ్మాయ్.”

కారు వచ్చింది. కోటేష్ పాపని ఎత్తుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. శ్రీరమ్య కారెక్కుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి అత్తగారి మొహం చూసింది. ఏదో అడగబోయి మానేసింది. కారు చిలకలూరిపేట దారి పట్టింది.

అసలు సంగతి ఊరు మొత్తమ్మీద సుబ్బరావమ్మ ఒక్కదానికే తెలుసు. ఆదివారం ఆవిడ బడి ఛాయలకే పోలేదు. పాపకి ఎవరూ చుక్కలు వెయ్యలేదు.

జనం పల్చబడ్డాక ఎదురింటి కరీమున్ వచ్చింది. వీధి మొగలో ఫోను పెట్టుకుని కిరాణా కొట్టు నడిపే అలీ సాహెబ్ కోడలు. చంకలో రెండేళ్ళ కొడుకు.

“పెద్దమ్మా, మీ పాపకి ఎంతసేపటికి మొదలైంది?”

“ఏంటి?”

“నోరు పొక్కడం. చుక్కలేసిన ఎంతసేపటికి? మా వాడికీ ఆదివారమే వేయించాను. పైకి బాగానే ఉన్నాడు. లోపల ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు.” వాడి గడ్డం పట్టుకుని నోరు తెరిచి చూపించింది. “ఉప్పునీళ్ళు గట్టిగా పట్టించి కక్కిస్తే ఉన్నది పోతుందని జయరావుగారన్నారు. చాలామంది పట్టిస్తున్నారు. నాకేమో చేతులు రావడం లేదు. నువ్వు పెద్దదానివి, నువ్వు చెప్పు. పట్టించనా?”

వద్దు అనడానికి ఒక్క మాట చాలు. ఎందుకు వద్దు అని అడిగితే చెప్పడానికే మాట లేదు. కరీమున్ అడక్కుండా ఊరుకునే మనిషి కాదు.

“నీ ఇష్టం,” అంది సుబ్బరావమ్మ.

కరీమున్ ఇంకాసేపు నిలబడింది. ఇంకేమన్నా అంటుందేమోనని చూసి, పిల్లాణ్ణి సర్దుకుని వెళ్ళిపోయింది.

కొట్లోంచి దగ్గు వినపడింది. ఒకటి కాదు, ఆగకుండా. తొలి కోత కాయలన్నీ అందులోనే ఉన్నాయి. రోజూ ఆ గోతాలు మోసేవాళ్ళు కూడా మూతికి తువ్వాలు చుట్టుకుంటేగానీ లోపల నిలవలేరు. రెబ్కా పొద్దున్నుంచీ అందులో ఉంది.

సుబ్బరావమ్మ చెవులు మూసుకోలేక లేచి, వంటింట్లోకి పోయి, ఊరికే ఒక గిన్నె తీసి మళ్ళీ అక్కడే పెట్టింది. గిన్నె వెనకాల, పోపుల డబ్బా పక్కన, చిన్న గుడ్డమూట ఉంది. అందులో ఇంకో నల్లజీడి గింజ మిగిలి ఉంది.

ఆ గింజ సంగతి తనకి తట్టినందుకు ఆదివారం నాడు ఎంత మురిసిపోయిందో. పోలియోవాళ్ళ పద్ధతి ఆవిడకి తెలియంది కాదు. బళ్ళో చుక్కలేసి ఎడమ చిటికెన వేలి గోటి మీద నల్లసిరా మచ్చ పెడతారు. మర్నాడు ఇంటికొచ్చి ఆ మచ్చ వెతుకుతారు. ఉంటే తలుపు మీద గీత గీసి పోతారు. లేకపోతే నెత్తిన కూర్చుంటారు. వద్దంటే ఇంకో నలుగుర్ని వెంటేసుకుని వస్తారు. కోడలు చూస్తే చుక్కలు, చుక్కలు అని ఒకటే పోరు. వాళ్ళతో ఎవరు పడతారు? మచ్చే కదా వాళ్ళకి కావాల్సింది.

ఇంటి దుప్పట్ల మీద చాకలి చెంచయ్య పెట్టిన గుర్తులు చూస్తే ఉపాయం తట్టింది. ఎవరింటి బట్ట ఏదో తెలియడానికి చెంచయ్య జీడిగింజని సూదితో గుచ్చి, నల్లగా ఊరిన రసంతో చుక్కలు పెడతాడు. పైన సున్నం రాస్తాడు. ఎన్ని ఉతుకులు ఉతికినా బట్ట చిరగాలి గానీ ఆ చుక్క చెరగదు. పిల్లకి దిష్టికి కట్టాలని చెప్పి అతని దగ్గర రెండు గింజలు అడిగి తెచ్చుకుంది. జీడి ఒంటికి తగిలితే పొక్కుతుందని తెలుసు. తెలిసే, గోటి మీద మాత్రమే, ఆవగింజంత పెట్టింది. మంట చచ్చిపోతుందని పైన సున్నం రాసింది. పిల్ల నిద్రలో కదలనైనా కదల్లేదు.

పళ్ళొచ్చే పిల్ల రోజంతా వేళ్ళు నోట్లో పెట్టుకుని చప్పరిస్తుందన్న సంగతి, ఇద్దరు బిడ్డల్ని పెంచిన మనిషికి తట్టలేదు.

సోమవారం రెబ్కా వచ్చినప్పుడు పాప ఉయ్యాల్లో ఉంది. ఆ వేలు చూసి, “మీరే తీసుకొచ్చారటగా అమ్మగారూ, చాలా సంతోషమండీ,” అంది. ఎన్నాళ్ళుగానో మొహం తిప్పుకునే మనిషి మారిందన్న సంతోషం రెబ్కా కళ్ళల్లో దాగలేదు. సుబ్బరావమ్మ ఆ పూట లోలోపల నవ్వుకుంది. ఇప్పుడు ఆ మూట ఎవరి కంటా పడకుండా తీసి బొడ్లో దోపుకుంది.

“అమ్మగారూ,” కొట్టు కిటికీ దగ్గర్నుంచి గొంతు. “అమ్మగారూ, కాసిని మంచినీళ్ళు పోయించండి.”

చెంబుతో నీళ్ళు తీసుకుని వెళ్ళింది. కిటికీకి ఇనప ఊచలున్నాయి. రెబ్కా రెండు చేతులూ బయటికి చాపి దోసిలి పట్టింది. సుబ్బరావమ్మ ఎత్తునుంచి పోసింది, ఆ ఇంట్లో చర్చి వీధివాళ్ళకి ఎప్పుడూ పోసినట్టే. ముందు మొహం కడుక్కుంది, తర్వాత తాగింది. కళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి.

“పాపకి ఎలా ఉందండీ?”

“పేట తీసుకెళ్ళారు.”

“మంచిపని చేశారు.” మళ్ళీ దగ్గు. దగ్గు ఆగాక ఊచ పట్టుకుని అంది, “అమ్మగారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆదివారం మీరు ఏ వేళకి వచ్చారు? పొద్దున్నా, మధ్యాహ్నమా?”

“ఎందుకు?”

“మీరొచ్చినట్టు నాకు గుర్తులేదు. ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. ఏ వేళో తెలిస్తే ఆ సీసాలోంచి ఇంకెవరెవరికి వేశానో గుర్తుచేసుకుని, వాళ్ళ ఇళ్ళకి పంపించి చూపించొచ్చు. నా చేతిలోనే ఏదన్నా తప్పు జరిగిందేమోనని భయంగా ఉందండీ. పసిపిల్ల నోరు.”

ఈ మనిషి తిట్టి ఉంటే బాగుండేది. శాపనార్థాలు పెట్టి ఉంటే సుబ్బరావమ్మకి తన నోరు తనకి దొరికేది. తను చెయ్యని తప్పు ఎక్కడ చేశానా అని వెతుక్కుంటున్న మనిషిని ఏమనాలి? ఏమీ తోచక ఒళ్ళు మండింది.

“తప్పు జరిగితే మాత్రం మీరేం చేస్తారు?” అంది కఠినంగా. “మీవాళ్ళు ఏనాడైనా ఎవరికైనా సమాధానం చెప్పారా? నా నాగేంద్రానికి చెప్పారా?”

రెబ్కా ఊచ వదిలేసి ఆవిడకేసి చూసింది.

“నా కూతురు. నీకు తెలీదులే, నువ్వప్పటికి గౌను తొడుక్కుని తిరుగుతుంటావు. ఇద్దరు పిల్లలు చాలు, ఆపరేషను చేయించుకోమని అప్పటి నర్సు రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేది. జ్వరమొచ్చి మీ ఆస్పత్రికి పోతే మాత్ర ఉండేది కాదు. ఆపరేషనుకి మాత్రం జీపు ఇంటి ముందుకొచ్చింది. బళ్ళో బల్లల మీద పడుకోబెట్టి వరసగా కోశారు. సాయంత్రానికి దింపేసి పోయారు. కడుపు ఉబ్బింది. కబురు పెడితే, కొంచెం నెప్పి ఉంటుందిలే అన్నారట. నాలుగోనాడు పోయింది. ఆ అరుగు మీద కూర్చున్న మనిషి మళ్ళీ ఈ గడప తొక్కలేదు. ఒక్కసారి, ఒక్కసారి వచ్చి ఏమ్మా అని అడగలేదు.”

“వచ్చి ఉండాల్సింది,” అంది రెబ్కా మెల్లిగా. “ఎవరో ఒకళ్ళం వచ్చి ఉండాల్సిందమ్మగారూ.”

“పత్తికి పురుగు పడ్డ ఏడు మా వాడు కొట్టిన డబ్బా మీద కూడా సర్కారు ముద్ర ఉంది. లోపల ఉత్త నీళ్ళు. ముద్ర ఉంటే నమ్మాలా? ఎవరూ అడక్కుండా ఉత్తపుణ్యానికి ఇంటికి తెచ్చి పోస్తారు, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పోస్తారు. ఒకసారి పోసింది పనిచేస్తే మళ్ళీ ఎందుకు? అని అడిగితే తప్పా?”

“అడగడం తప్పు కాదండీ. చెప్పకపోవడం మా తప్పే.” రెబ్కా కళ్ళు తుడుచుకుంది. కారం వల్లో, దేనివల్లో. “కానీ మీకు అన్ని అనుమానాలుండి కూడా ఆదివారం పాపని తీసుకొచ్చారు చూశారా, అందుకే నాకు ఇంకా బాధగా ఉంది. మీరు నమ్మినందుకు ఇలా అయింది.”

సుబ్బరావమ్మ చేతిలో చెంబు జారి, మిగిలిన నీళ్ళు కాళ్ళ మీద ఒలికాయి. చెంబు తీసుకోకుండానే ఇవతలికి వచ్చేసింది.

వాకిట్లో చెంచయ్య ఉతికిన బట్టల మూట దించి నిలబడి ఉన్నాడు.

“అమ్మగారూ,” అన్నాడు చుట్టూ చూసి. “ఇందాక కారెక్కేటప్పుడు పాప మూతి చూశాను. మా నాయన చేతులు అట్టాగే పొంగేవి. ఆ గింజలు దిష్టికే కట్టారు గదా?”

ఆవిడ చూపు తప్పించింది. చెంచయ్యకి చెప్పక్కర్లేకపోయింది. అతని మొహం పాలిపోయింది.

“నేనేం అననండి. నేనిచ్చానని తెలిస్తే కోటేష్‌బాబు నన్ను బతకనివ్వడు.” మూట విప్పకుండానే అరుగు మీద పెట్టి, తలొంచుకుని వెళ్ళిపోయాడు.

అంత భయపడుతూ వెళ్ళిన మనిషిని చూసి ఆవిడకి ఒక క్షణం ధైర్యమే వచ్చింది. వీడు చెప్పడు. లోపలున్నదానికి తెలీదు. పాపకి పేటలో పెద్ద డాక్టరున్నాడు, రెండ్రోజుల్లో తగ్గుతుంది. రెబ్కాని నాలుగు తిట్టి వదిలేస్తారు, లేకపోతే ఇంకో ఊరికి మారుస్తారు. అన్నీ సర్దుకుంటాయి. ఇలా అనుకునే మనిషిని మనం తిట్టుకోవచ్చు గానీ, పీకల మీదికి వస్తే ఇలా అనుకోనివాళ్ళు ఎంతమంది?

అంతలో అలీ సాహెబ్ కొట్టు దిగి గబగబా వచ్చాడు.

“కోటేష్ ఫోను చేశాడమ్మా. పాప గొంతు లోపల వాస్తోందట. చుక్కల వల్ల ఇలా కాదని ఆ డాక్టరు ఒకటే మాట మీద ఉన్నాడట. ఏదో కాలే పదార్థం నోట్లోకి పోయింది, అదేంటో చెబితే దానికి తగ్గట్టు చూస్తాను, ఏంటో తెలీకపోతే చేతుల్లో లేదు, గుంటూరు తీసుకుపోండి అంటున్నాడట.”

“మా వాడేమన్నాడు?”

“ఏమంటాడు, ఈ డాక్టరూ వాళ్ళ మనిషే, వాళ్ళని కాపాడ్డానికి చూస్తున్నాడని కేకలేస్తున్నాడు. ఇంట్లో ఇంకేమన్నా పట్టించారేమో అమ్మని అడుగు అన్నాడు. నేనే చెప్పేశాను. మీ అమ్మ సంగతి నాకు తెలీదా, పిల్లని కంటికి రెప్పలా చూసుకునే మనిషి, అలాంటిదేమీ ఉండదు అని.”

అలీ సాహెబ్ మంచివాడు. మంచితనంతోనే అన్నాడు. తన తరఫున ఆయన చెప్పేసిన అబద్ధం అవతల డాక్టరు చెవిన పడి, ఈపాటికి పాప గొంతు ఇంకొంచెం మూసుకుని ఉంటుంది.

సుబ్బరావమ్మ కొంగు ముడి విప్పింది. ముడి ఒక పట్టాన రాలేదు, పళ్ళతో లాగింది. అలీ సాహెబ్ చూస్తుండగానే వెళ్ళి కొట్టు తాళం తీసింది. తలుపు తెరవగానే మిరప ఘాటు మొహాన కొట్టింది. రెబ్కా గోతం మీద కూర్చుని ఉంది, ఎవరొచ్చిందీ కనపడక కళ్ళు చికిలించింది.

“నేను బడికి తీసుకురాలేదు,” అంది సుబ్బరావమ్మ. “ఆదివారం నేను రాలేదు. నీకు గుర్తులేకపోవడం కాదు, నేను రానే లేదు. ఆ మచ్చ నేను పెట్టాను. జీడితో.”

రెబ్కాకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది. ఆ మొహంలోకి చూడడానికి భయపడి సుబ్బరావమ్మ నేల చూపులు చూసింది. తిడుతుందనుకుంది. కొట్టినా పడేట్టే ఉంది.

“ఫోను ఎక్కడ?” అంది రెబ్కా. “ముందు డాక్టరుకి చెప్పాలి. రండి.”

“నువ్వు చెప్పు. నీకైతే వాళ్ళ భాషలో చెప్పడం వచ్చు.”

“నేను చెబితే ఎవరు నమ్ముతారమ్మగారూ? తప్పించుకోడానికి నేనే కల్పించానంటారు. మీరే చెప్పాలి.”

నర్సు బయటికొచ్చిందన్న కబురు వాళ్ళకంటే ముందే అలీ సాహెబ్ కొట్టుకి చేరింది. జనం మళ్ళీ మూగారు. జయరావు కూడా వచ్చాడు. ఎవరో రెబ్కా చెయ్యి పట్టుకోబోతే, “ఒరేయ్, ముట్టుకున్నావంటే ఊరుకోను,” అంది సుబ్బరావమ్మ. నిన్నటి నుంచీ ఎవరూ వినని గొంతు అది. చెయ్యి వెనక్కి పోయింది.

మిరప రేటు కనుక్కోడానికని కోటేష్ కిందటేడు కొన్న సెల్లుకి అలీ సాహెబ్ ఫోను కలిపి ఇచ్చాడు.

“ఒరేయ్ కోటీ. పాపకి ఎవరూ చుక్కలు వెయ్యలేదురా. నేను బడికి తీసుకెళ్ళలేదు. వేలి మీద మచ్చ నేనే పెట్టాను, నల్లజీడితో. వేలు నోట్లో పెట్టుకుంది. డాక్టరుకి చెప్పు, జీడి అని చెప్పు.”

అవతల ఆస్పత్రి గోలలోంచి కోటేష్ మాట వినపడింది.

“అమ్మా, పక్కన ఎవరున్నారు?”

“ఎవరుంటే ఏంట్రా. చెప్పు ముందు.”

“ఆ రెబ్కా ఉందా? తలుపెవరు తీశారు?”

“నేనే తీశాను. విను...”

“బెదిరించారా నిన్ను? కేసు పెడతామన్నారా? ఎవడు చెప్పమన్నాడు ఈ మాట?” కోటేష్ గొంతు బొంగురుపోయింది. “నువ్వు అలాంటి పని చెయ్యవమ్మా. నీ చేత చెప్పిస్తున్నారు. నువ్వేం భయపడకు, నేను మనవాళ్ళకి ఫోను చేస్తున్నా.”

“ఒరేయ్ కోటీ, నా మీద ఒట్టు...”

ఫోను పెట్టేశాడు.

ఆవిడ రిసీవరు పట్టుకుని అలాగే నిలబడింది. మళ్ళీ కలిపితే మోగింది గానీ తియ్యలేదు. తను చెప్పిన అబద్ధాన్ని ఊరు ఊరంతా తలకెత్తుకుంది. నిజం చెబితే కన్నకొడుకు నమ్మలేదు.

“చూశారా?” అన్నాడు జయరావు జనంతో. “ముసలావిణ్ణి పట్టుకుని ఎంత పని చేయిస్తున్నారో చూశారా? కొడుకు గ్రహించాడు కాబట్టి సరిపోయింది.”

సుబ్బరావమ్మ బొడ్లోని గుడ్డమూటలోంచి మిగిలిన గింజ తీసి అరచేతిలో పెట్టి చూపించింది. ఎవరూ దగ్గరికి రాలేదు. కొందరు దాన్నీ, కొందరు రెబ్కానీ చూశారు. ఆవిడకి మతి చెదిరిందని ఎవరో గొణిగారు.

జనంలోంచి కరీమున్ ముందుకొచ్చింది. భుజం మీద పిల్లాడు వాలిపోయి ఉన్నాడు. మెడ నిలవడం లేదు. కళ్ళు లోపలికి పోయాయి, పెదవులు ఎండిపోయాయి.

“నిజమేనా పెద్దమ్మా?” అంది.

ఊరందరిలో నమ్మింది ఆ ఒక్కతే. ఆ నమ్మకాన్ని తట్టుకోవడం, నమ్మకపోవడాన్ని తట్టుకోవడం కన్నా కష్టమైంది.

“నిజమే తల్లీ.”

“మరి పొద్దున నేనొచ్చి అడిగానుగా.” కరీమున్ అరవలేదు. అరిస్తే పిల్లాడు ఉలిక్కిపడతాడన్నట్టు నెమ్మదిగా అంది. “పట్టించనా అని అడిగానుగా. మూడు గ్లాసులు పట్టించాను. కక్కీ కక్కీ వాడికిప్పుడు కక్కడానికి కూడా ఏం లేదు. నీ ఇష్టం అన్నావు నువ్వు.”

రెబ్కా అప్పటికే సంచీలోంచి ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్టు తీసి పళ్ళతో చించింది. అలీ సాహెబ్ కొట్లోంచి గ్లాసు, కాచి చల్లార్చిన నీళ్ళు అడిగి తీసుకుని కలిపింది. చెంచాతో పిల్లాడి దగ్గరికి వంగబోతే కరీమున్ ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఇది ఇప్పుడు కొంచెం కొంచెంగా పట్టకపోతే కష్టమమ్మా,” అంది రెబ్కా. “ఆ తర్వాత ఆస్పత్రికి తీసుకెళదాం.”

కరీమున్ ఆ గ్లాసు చూసింది. తర్వాత సుబ్బరావమ్మని చూసింది.

“నువ్వు చెప్పు పెద్దమ్మా. ఈవిడ చేతిది పట్టించనా, వద్దా? ఈసారి నా ఇష్టం అనకు.”

ఊరంతా ఆవిడ మొహంకేసి చూస్తోంది. పట్టించు అనడానికి నోరు తెరిచింది. తన మాటకి ఇంక విలువేముందని మళ్ళీ మూసుకుంది. మాటతో అయ్యేది కాదనిపించింది. రెబ్కా చేతిలో గ్లాసు తీసుకుంది. ఎత్తి పొయ్యలేదు. అంచు పెదవులకి ఆనించి, అందరూ చూస్తుండగా రెండు గుక్కలు తాగింది. అరవై ఏళ్ళలో చర్చి వీధి మనిషి చేతి నీళ్ళు తాగడం అదే మొదలు. వెనకాల ఎవరో నోరు నొక్కుకున్నారు. గ్లాసు కరీమున్‌కి ఇచ్చింది.

కరీమున్ చాలాసేపు గ్లాసు పట్టుకునే ఉంది. తర్వాత మెట్టు మీద కూలబడి, చెంచా అడిగి, మొదటి చెంచా వాడి పెదవుల మధ్య పోసింది. సగం బయటికి కారింది. రెండోది గొంతు దిగింది.

కొట్లో ఫోను మోగింది. అలీ సాహెబ్ తీసి, విని, సుబ్బరావమ్మకి అందించాడు. ఆయన మొహం చూస్తే కోటేష్ కాదని తెలుస్తోంది.

“అత్తయ్యా, నేను. ఆస్పత్రి ముందు బూత్‌లోంచి చేస్తున్నాను.” శ్రీరమ్య ఏడవడం లేదు. అందుకే ఆవిడకి ఇంకా భయమేసింది. “మీరు ఆయనతో ఏదో చెప్పారు. ఏంటో నాకు చెప్పడం లేదు, డాక్టరుకీ చెప్పడం లేదు. గుంటూరు తీసుకెళ్ళడానికి కారు తిప్పిస్తున్నారు. దారిలో పాప ఊపిరికి హామీ లేదంటున్నాడు డాక్టరు. నాకు చెప్పండి అత్తయ్యా. మీరేం చెప్పినా నమ్ముతాను.”

ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

“అమ్మాయ్,” అంది సుబ్బరావమ్మ. “ఆదివారం నువ్వు నన్ను నమ్మి పాపని వదిలిపెట్టి వెళ్ళావు కదా. నేను బడికి తీసుకెళ్ళలేదు. ఆ వేలి మీద ఉన్నది జీడి. నా చేత్తో నేనే పెట్టాను.”

అవతల బూత్ ముందు ఏదో బండి హారను మోగిస్తూ పోయింది. “డాక్టరుగారూ” అంటూ శ్రీరమ్య గొంతు పరుగున దూరమైంది. అటు ఎవరూ ఫోను పెట్టలేదు. వేలాడుతున్న రిసీవరు గోడకి కొట్టుకుంటున్న చప్పుడు సుబ్బరావమ్మ చెవిలో పడుతూనే ఉంది.